నేను నడవని ఎడమ గట్టు

కళ్లతో చూడనిది ఏనాడూ రాయలేదని నాకు గొప్ప. నీటిపారుదల శాఖలో వర్క్ ఇన్‌స్పెక్టరుగా ముప్పై ఏళ్లకు పైగా పనిచేశాను. కాలువకు ఎక్కడ గండి కొట్టారు, ఏ తూము పగలగొట్టారు, ఎవరి పొలంలోకి వంతు కాని నీళ్లు పోతున్నాయి, ఇవన్నీ తిరిగి చూసి పైవాళ్లకు రాయడం నా పని. "ఆయన చూసి రాసిండంటే ఇగ తిరుగులేదు" అని మా ఆఫీసులో సగం మెచ్చుకోలుగా, సగం ఎకసెక్కంగా అనేవాళ్లు. నా రిపోర్టుల్లో అబద్ధం ఒక్కటి కూడా లేదని ఇప్పటికీ ప్రమాణం చేసి చెప్పగలను. నా ఉద్యోగంలో అన్నిటికన్నా పెద్ద తప్పు మాత్రం అలా చూసింది చూసినట్టు రాసిన రిపోర్టుతోనే జరిగింది.

కొత్తగా కాలువల మీద ఉద్యోగంలో చేరిన పిల్లలు ఈ మధ్య కంఠేశ్వర్‌లో ఇప్పుడు మేముండే ఇంటికి వచ్చారు. గండి కనబడగానే ఫోనుతో ఫొటో తీసి అక్కడి నుంచే పంపుతున్నామని చెప్పారు. ఫొటో ఉంటే ఇక ఎవరూ కాదనలేరు అంకుల్ అని ఒకరు అన్నారు. నాకు నవ్వు వచ్చింది, కొంచెం భయం కూడా వేసింది. వాళ్లకు ఆ రోజు సరిగ్గా చెప్పలేకపోయిన సంగతి ఇక్కడ రాస్తున్నాను.

నిజాంసాగర్ నుంచి వచ్చి మోస్రా దాటి బోధన్ వైపు పోయే ఒక ఉపకాలువ చాలా ఏళ్లు నా చేతిలో ఉండేది. దానికి కుడివైపు క్యాంపులు, ఎడమవైపు పాత ఊళ్లు. చిట్టచివర మా ఊరు. క్యాంపులంటే తెలియని వాళ్లకు ఒక మాట చెప్పాలి. నిజాం కాలంలో డ్యాం కట్టాక, ఈ కాలువల కింద సాగు చేయడానికి కోస్తా జిల్లాల నుంచి రైతులు కుటుంబాలతో వచ్చారు. అడవి కొట్టి, గుడిసెలు వేసుకుని ఉన్నప్పుడు ఆ చోట్లకు క్యాంపులని పేరు పడింది. గుడిసెల స్థానంలో మేడలు లేచాయి, మూడు తరాలు గడిచాయి, పేరు మాత్రం అలాగే ఉంది.

వాళ్ల మీద నాకున్న కోపం అరువు తెచ్చుకున్నది కాదు. మా బాపు చెరకు వేసేవాడు. మూడు వంతుల్లో ఒక వంతు నీళ్లు మా ఊరి దాకా వస్తే ఆ ఏడు మాకు పండగ. మిగతా రోజుల్లో బాపు ఎండిన కాలువలోకి దిగి, ఇసుక మీద కూర్చుని, నీళ్లు వచ్చే దిక్కు చూస్తూ బీడీ తాగేవాడు. "పైనోళ్లు తాగిండ్రు" అనేవాడు. పైనోళ్లంటే ఎవరని నేనూ అడగలేదు, ఆయనా చెప్పలేదు. సైకిలు మీద బోధన్ బడికి పోతుంటే దారి పొడుగునా క్యాంపుల వరి పచ్చగా ఊగుతూ కనిపించేది. జవాబు నేనే రాసుకున్నాను.

పెద్దయి ఆ కాలువ మీదనే ఉద్యోగం చేశాను. క్యాంపుల్లో నాకు మర్యాద బాగా జరిగేది. కుర్చీ వేసి, చిక్కటి చాయ్ ఇచ్చి, మాటమాటకూ అండీ అనేవాళ్లు. ఆ అండీ నాకు పడేది కాదు. నన్ను పైకెత్తి కింద పడేస్తున్నట్టు ఉండేది. చాయ్ తాగి ఆఫీసుకు వచ్చి, వాళ్ల మాట దీర్ఘాలు తీసి అనుకరిస్తే అందరూ పగలబడి నవ్వేవాళ్లు. వాళ్ల తెలివి జిత్తులుగా, వాళ్ల కష్టం దురాశగా, వాళ్ల మర్యాద నాటకంగా కనిపించేది. అదే మర్యాద మనవాళ్లలో ఒకరు చేస్తే, ఎంత పెద్ద మనసు అని ఇంటికి వచ్చి చెప్పేవాణ్ణి.

తెలంగాణ ఉద్యమం రోజుల్లో డ్యూటీ అయ్యాక దీక్ష టెంటుకు పోయేవాణ్ణి. నాతో రోజూ ఒక రైతు కూర్చునేవాడు. ఎడమ గట్టు ఊరి మనిషి, మంచి మాటకారి, నాకన్నా చిన్నవాడు, నన్ను అన్నా అని పిలిచేవాడు. నీళ్ల గురించి మాట్లాడాల్సి వచ్చినప్పుడల్లా ఆయన నా వైపు చెయ్యి చూపి, కాలువ మీద తిరిగే మనిషే చెప్తాడు వినండి అనేవాడు. నేను లేచి, ఏ క్యాంపు దగ్గర ఏ తూము ఎన్ని అంగుళాలు పెద్దదైందో చెప్పేవాణ్ణి. జనం చప్పట్లు కొట్టేవాళ్లు. ఉద్యమంలో నా పాత్ర అదేనని లోలోపల పొంగిపోయేవాణ్ణి కూడా.

రాష్ట్రం వచ్చింది. తర్వాత కొంత కాలానికి ఒక యాసంగిలో నిజాంసాగర్ అడుగంటింది. ఉన్న నీళ్లు పొదుపుగా రెండు తడులకు సరిపోతాయని పైవాళ్లు తేల్చారు. మొదటి తడి మా ఊరికి చేరనే లేదు. మా ఊరి రైతులు ఆఫీసు ముందు బైఠాయించారు. వాళ్లలో సగం మంది నాకు వరసైన వాళ్లే. రిపోర్టు ఇవ్వమని పైవాళ్లు నన్ను అడిగారు. మూడు సీజన్లలో నేను పట్టుకున్న ఉల్లంఘనలన్నీ ఒకచోట చేర్చి ఇచ్చాను. తేదీ, చోటు, తూము నంబరు, అన్నీ పక్కాగా ఉన్నాయి. అన్నీ కుడివైపువే. రెండో తడికి కుడివైపు తూములన్నీ మూసేస్తే తప్ప చివరి ఊరికి నీళ్లు చేరవని చివర ఒక వాక్యం రాశాను. పై ఆఫీసరు నా పేరు చూసి సంతకం చేశాడు.

లష్కర్‌ను వెంట తీసుకుని నేనే పోయి మూయించాను. లష్కర్ అంటే కాలువ కాపలా మనిషి. నా కన్నా నాలుగైదేళ్లు పెద్దవాడు, ఎడమ వైపు ఊరివాడు, అడిగితే తప్ప నోరు విప్పడు. ఇనుప రేకు అడ్డం పెట్టి, జిగురు మట్టి మెత్తుకుంటూ తూము తరువాత తూము మూసుకుంటూ పోయాం. ఒక తూము దగ్గర ఒకావిడ నిలబడి ఉంది. యాభై ఏళ్లుంటాయి. భర్త పోయాక నాలుగెకరాలు తనే చేసుకుంటోంది. తన తూము మీద ఎవరూ చెయ్యి వేయలేదనీ, కావాలంటే కొలుచుకోమనీ అంది. కొలిస్తే నిజమేనని తేలింది. నా జాబితాలో ఆ తూము నంబరు కూడా లేదు.

"వరి పొట్ట మీదుందండి. ఇప్పుడు వారం ఆగిందంటే కంకిలో గింజ పట్టదు" అంది ఆమె.

ఆర్డరు క్యాంపు మొత్తానికి వచ్చిందని, నా చేతిలో ఏమీ లేదని చెప్పాను. నా చేతిలో ఏముందో నాకు తెలుసు. ఆ ఆర్డరులో ఉన్న వాక్యం నాదే. లష్కర్ మట్టి మెత్తుతుంటే ఆమె తూము వైపే చూస్తూ నిలబడింది. తిరిగి వస్తూ, అందరూ కలిసే తిన్నారు కదా, ఇప్పుడు అందరికీ కలిసే తగలనీ అని మనసులో అనుకున్నాను. దాచకుండా రాస్తున్నాను, సరిగ్గా ఇవే మాటలు.

అసలు విచిత్రం ఆ తర్వాత జరిగింది. కుడివైపు తూము ఒక్కటి కూడా తెరిచి లేదు. కాలువ తల దగ్గర గేజు నిండుగా చూపిస్తోంది. అయిదు రోజులైంది, మా ఊరి దగ్గర ఇసుక తడవలేదు. నీళ్లు ఎటు పోతున్నాయో నాకు అర్థం కాలేదు. రాత్రిళ్లు క్యాంపుల వాళ్లే రేకులు లేపుతున్నారేమోనని లష్కర్‌ను పంపాను. నేను మెత్తించిన మట్టి ఎండి బీటలు వారి ఉంది గానీ చెక్కు చెదరలేదని వచ్చి చెప్పాడు.

సరిగ్గా అప్పుడే మాకు కొత్త అసిస్టెంట్ ఇంజనీరు వచ్చింది. ముప్పై ఏళ్లు కూడా లేని అమ్మాయి. మాట విని ఆంధ్ర అనుకుని నేను బిగుసుకుపోయాను. సొంతూరు ఎక్కడ మేడం అని చుట్టూ తిప్పి అడిగాను. ఖమ్మం అంది. ఊపిరి తీసుకున్నాను. మళ్లీ ఉండబట్టక, ఖమ్మంలో ఏ దిక్కు అని కూడా అడిగాను. ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తుంది. ఆమె ఒకసారి నా ముఖంలోకి చూసి, కాలువ మ్యాపు ఉందా అని అడిగింది.

ఆమె పద్ధతి వేరు. ఎవరినీ ఏమీ అనదు. మ్యాపు బల్ల మీద పరిచి, నా పాత రిపోర్టులు ముందు పెట్టుకుని, నేను రాసిన ప్రతి ఉల్లంఘనకు ఎర్ర పెన్సిలుతో ఒక చుక్క పెట్టుకుంటూ పోయింది. మూడు సీజన్ల చుక్కలు. నేను పక్కన నిలబడి గర్వంగానే చూస్తున్నాను. అయిపోయాక పెన్సిలు పక్కన పెట్టి, కాలువకు ఎడమ పక్కన ఉన్న తెల్ల కాగితం మీద వేలు పెట్టింది.

"ఇటువైపు ఒక్కటీ లేదేంటి?" అని అడిగింది.

"అటు మనోళ్లే గద మేడం" అన్నాను.

ఆ మాట నోట్లోంచి ఎంత సులువుగా వచ్చిందంటే, అది జవాబు కాదని నాకు రెండు క్షణాల తర్వాత గానీ తెలియలేదు. ఆమె నవ్వలేదు, కోప్పడలేదు. అటు మీరు ఎప్పుడైనా నడిచారా అని అడిగింది. కట్ట మీద బండి పోయే బాట కుడివైపు మాత్రమే ఉందనీ, ఎడమ గట్టంతా సర్కారు తుమ్మ కమ్ముకుపోయిందనీ చెప్పాను. అది నిజం. ఆమె తల ఊపి, సరే రేపు నడుద్దాం అంది.

మర్నాడు తెల్లవారగానే ముగ్గురం ఎడమ గట్టు ఎక్కాం. ముందు లష్కర్, వెనక ఆమె, చివర నేను. తుమ్మ ముళ్లకు నా చొక్కా రెండు చోట్ల చిరిగింది. నేను ఒకటి కనిపెట్టాను. ముళ్లు ఉన్నాయి గానీ లోపల మనిషి నడిచే బాట శుభ్రంగా ఉంది, ఎవరో రోజూ నడుస్తున్నట్టు. ఫర్లాంగు పోకముందే మొదటి పైపు కనిపించింది. మనిషి తొడంత లావు నల్ల పైపు, గట్టు మీంచి పాములా కాలువలోకి దిగి ఉంది, పైన తుమ్మ కొమ్మలు కప్పి ఉన్నాయి. కుడి గట్టు మీద నిలబడి చూస్తే ఏ కోశానా కనబడదు. కొంచెం దూరంలో ఇంకొకటి. తర్వాత ఒక మోటరు. లెక్కపెట్టడం మొదలుపెట్టి, ఇరవై దాటాక మానేశాను. ఆమె మాత్రం మానలేదు.

నాకు లష్కర్ మీద కోపం వచ్చింది. ఇన్నేళ్ల సంది ఎందుకు చెప్పలేదని గట్టిగా అడిగాను. ఆయన తువ్వాలతో మెడ తుడుచుకుని, చాలా మామూలుగా అన్నాడు.

"మీరెప్పుడు అడిగినా కుడి గట్టు ముచ్చటే అడిగిండ్రు సార్. ఇటు దిక్కు ఏముందని ఒక్కపారన్న అడిగిండ్రా?"

అడగలేదు. నేను ఇరవై ఏళ్లు వెతికాను, వెతికిన దగ్గర దొంగతనం దొరికింది, కాబట్టి దొంగలు ఎవరో తేలిపోయిందనుకున్నాను. క్యాంపుల్లో తూములు పగలగొట్టిన వాళ్లు లేరని కాదు, ఉన్నారు. నా ఎర్ర చుక్కలన్నీ నిజాలే. అవతలి పక్క తెల్లగా ఉండడమే అబద్ధం, ఆ అబద్ధం రాయడానికి నాకు సిరా చుక్క కూడా అవసరం కాలేదు.

మధ్యాహ్నానికి ఒక పెద్ద మోటరు దగ్గరికి చేరాం. దాని పక్కన చెప్పులు విప్పుకుని నీళ్లలో కాళ్లు కడుక్కుంటున్న మనిషి లేచి నమస్తే అన్నా అన్నాడు. టెంటులో నాతో కూర్చున్న ఆ మాటకారే. ఇంజనీరును చూసి కూడా ఆయన ముఖంలో బెదురు లేదు. నన్ను చూస్తే ధైర్యమే వచ్చినట్టుంది. ఇదేంటి అని నేను గొణిగాను.

"ఏమైందన్నా? మన నీళ్లు మనం తీసుకుంటున్నం. గది దొంగతనమెట్ల అయితది? క్యాంపోళ్లు తీసుకుంటే దొంగతనం" అన్నాడు.

చివర మా ఊరుంది, అక్కడ తాగడానికి కూడా నీళ్లు లేవు కదా అన్నాను. మీరూ మనోళ్లే కదన్నా, జర ఓపిక పట్టుండ్రి అన్నాడు. ఆయన నన్ను వెక్కిరించడం లేదు. మనస్ఫూర్తిగా అంటున్నాడు. నాకు ఒళ్లు మండింది, కానీ మండింది ఆయన మీద కాదు. ఆయన మాటల్లో ఒక్కటి కూడా నాకు కొత్త కాదు. టెంటులో లేచి నిలబడి నేను చెప్పినవాటికి ఆయన ఒక మోటరు బిగించాడు, అంతే తేడా. మా బాపు చూస్తూ కూర్చున్న ఆ పైదిక్కున ఇన్నాళ్లూ కూర్చున్నది ఎవరెవరో నాకు అప్పుడు తెలిసింది.

ఆ తర్వాత మూడు రోజులు పెద్ద రభస. ఇంజనీరమ్మ పోలీసులను పెట్టి ఎడమ గట్టు పైపులన్నీ పీకించింది, కుడివైపు సరిగా ఉన్న తూములు తెరిపించింది, పగలగొట్టిన వాటిని మాత్రం మూసి ఉంచింది. నాలుగో రోజు నీళ్లు మా ఊరికి చేరాయి. ఊళ్లోవాళ్లు నాకు దండ వేయలేదు సరికదా, ఎడమ వైపు ఊళ్లల్లో పెళ్లిళ్లు చేసుకున్న వాళ్లందరూ నా మీద గుర్రుగా ఉన్నారు. మా చిన్నాయన కొడుకు అయితే, క్యాంపుల చాయ్ అంత బాగుంటదా అన్నా అని నలుగురిలో అడిగాడు. అందరూ నవ్వారు. నేను అండీ అని దీర్ఘం తీసినప్పుడు నవ్వినట్టే నవ్వారు.

ఆ రోజుల్లో నాకు ఒక పిచ్చి పట్టుకుంది. నా లోపల ఉన్నది ఏమిటో చూడాలనే పిచ్చి. క్యాంపుల వాళ్లది నా భాషే, నా దేవుళ్లే, తినేది ఆ వరన్నమే. వాళ్ల రంగు కూడా నా రంగే. అయినా నా మనసులో వాళ్లు వేరే జాతి మనుషులు. తెల్లవాళ్లు నల్లవాళ్లను చిన్నచూపు చూశారని పేపర్లో చదివినప్పుడు, ఇంత అన్యాయమా అని మండిపడ్డవాణ్ణి. అది చదివి, టీ తాగి, బండెక్కి కుడి గట్టు మీదికి పోయేవాణ్ణి.

కాబట్టి నా రాజకీయ అభిప్రాయాలను ఒక్కొక్కటే బయటికి తీసి చూడడం మొదలుపెట్టాను. పద్ధతి చాలా మోటుది. క్యాంపు వాళ్లు అని ఉన్నచోట మా ఊరోళ్లు అని పెట్టి, అప్పుడూ అదే మాట అంటానా అని నన్ను నేను అడిగేవాణ్ణి. ప్రత్యేక రాష్ట్రం కావాలన్న మాట నిలబడింది. చివరి ఊరి ఇసుక, ఉద్యోగాల్లో జరిగిన అన్యాయం, ఎవరి పేరు మార్చినా మారలేదు. అది నిలబడినందుకు నాకు చాలా సంతోషం వేసింది. తర్వాతది నిలబడలేదు. క్యాంపు మనిషి సర్పంచిగా నిలబడితే ఓటు వేయొద్దని నేను ఇల్లిల్లూ తిరిగిన రోజు ఒకటుంది. ఆయన చదువుకున్నవాడు, నిదానస్తుడు, నేను ఓటు వేసిన మా మనిషి రెండూ కాదు. అది వట్టి ద్వేషమేనని ఒప్పుకోవడానికి రెండు రోజులు పట్టింది.

ఇంకొకటి మరీ వింతగా తేలింది. బోధన్‌లో చక్కెర ఫ్యాక్టరీ మూతపడినప్పుడు, దానికి కూడా ఎక్కడో అటువైపు వాళ్లే కారణమని హోటళ్లలో కూర్చుని గట్టిగా చెప్పాను. ఎందుకు మూతపడిందో నాకు అప్పుడూ తెలియదు, ఇప్పుడూ సరిగ్గా తెలియదు. మూతపడ్డాక ఎక్కువ చెరకు పీకేసుకున్నది మాత్రం క్యాంపుల రైతులే. అది కళ్లతో చూశాను. చూసి, దాన్ని ఏనాడూ ఆ మాటతో పోల్చి చూసుకోలేదు. కొన్ని అభిప్రాయాలు ఎటూ తేలలేదు. వాటిలో న్యాయమెంత, నా ఒంట్లోని పాత చికాకెంత అని విడదీయబోతే రెండూ కలిసిపోయి వస్తాయి. వాటిని అలాగే ఉంచాను. తేలలేదని తెలియడం కూడా నాకు కొత్తే.

ఈలోపు ఆ ఆవిడ వరి ఏమైందో చెప్పాలి. మొత్తం తొమ్మిది రోజులు ఆమె తూము మూసి ఉంది. నీళ్లు మళ్లీ పారాయి గానీ పొట్ట దశ దాటిపోయింది. నాలుగెకరాల్లో మూడు తాలుపోయాయి. కంకులు తెల్లగా నిటారుగా నిలబడ్డాయి. బరువు లేని కంకి తల వంచదు.

ఎండిన పంటల జాబితా చేయమని ఆర్డరు వచ్చింది. వ్యవసాయ శాఖ మనిషితో పాటు కాలువ తరఫున నేను పొలాలు తిరగాలి. ఫారంలో ఒక గడి ఉంటుంది, నష్టానికి కారణం అని. అందరికీ నీటి కొరత అని రాసుకుంటూ వచ్చాం. ఆమె పొలం గట్టు మీద నేను అదే రాసి, సంతకం కోసం ఫారం చేతికిచ్చాను. ఆమె చదివింది. పెన్ను తీసుకోలేదు.

"నీళ్లు కొరత కాలేదండి. నా తూము మీరు మూశారు" అంది.

వ్యవసాయ శాఖ మనిషి సర్దిచెప్పబోయాడు, అందరికీ అట్లనే రాస్తున్నామమ్మా అని. నేను ఆయన్ను ఆగమన్నాను. ఆమెకు మొత్తం చెప్పాను. మూడు సీజన్లు ఒకే గట్టు మీద తిరిగి రిపోర్టు రాశానని, అవతల ఉన్నది మావాళ్లు కాబట్టి అనుమానమే రాలేదని, ఇవతల ఉన్నది మీరు కాబట్టి మీ తూము మంచిదని తెలిసీ మూయించానని. తప్పయింది, మాఫ్ చెయ్యమ్మా అన్నాను. నా కళ్లలో నీళ్లు తిరిగాయి. కొంత దుఃఖం, కొంత చెప్పేశానన్న ఊరట.

ఆమె నా వైపు జాలిగా చూస్తుందనుకున్నాను. చూడలేదు.

"మా అమ్మ పుట్టింది ఈ క్యాంపులోనేనండి. నేనూ ఇక్కడే పుట్టిన. కోస్తాకు ఒక్కసారి పోయిన, పెళ్లికి. అక్కడోళ్లు నన్ను తెలంగాణామె అన్నరు" అంది. ఫారం నా చేతికి తిరిగి ఇచ్చి, "ఇప్పుడు మీరు నాతోటి చెప్పింది అందులో రాయండి. రాస్తే సంతకం పెడతా" అంది.

ఆమె మాటలో అండీ ఉంది, పోయిన ఉంది, రెండూ ఒకే ఊపిరిలో ఉన్నాయి. ఇరవై ఏళ్లుగా ఆ క్యాంపుల్లో చాయ్ తాగుతూ నేను ఒకదాన్నే విన్నాను. కొరత అన్న మాట కొట్టేసి, ఎడమ గట్టు చూడకుండా వర్క్ ఇన్‌స్పెక్టరు ఇచ్చిన ఏకపక్ష రిపోర్టు మీద తూము మూసివేయడం అని రాశాను. గడి సరిపోక పక్క గడిలోకి పోయింది. ఆమె రెండుసార్లు చదువుకుని సంతకం పెట్టింది.

ఇంజనీరమ్మ ఆ ఫారం చూసి, ఇది పైకి పోతే మీకు ఇబ్బంది అవుతుంది, ఆలోచించుకోండి అంది. ఆలోచించాను అన్నాను. మెమో వచ్చింది, ఒక ఇంక్రిమెంటు పోయింది. దాని గురించి నాకు బాధ లేదు. బాధ వేరే దగ్గర తగిలింది. ఆమె ఫారం ఒక్కటే తిరిగి వచ్చింది. ఇలాంటి కారణానికి పరిహారం ఇచ్చే నిబంధన లేదట. నీటి కొరత అని మార్చి పంపితే మంజూరు చేస్తామన్నారు. నేను నిజం రాసి ఆమెకు రెండోసారి నష్టం చేశాను.

ఆ ఫారం పట్టుకుని క్యాంపుకు పోయాను. ఆమె వాకిట్లో తాలు వడ్లు చెరుగుతోంది. చేట ఆపకుండానే విన్నది. ఒక్క మాట మారిస్తే డబ్బులు వస్తాయని, నా శిక్ష నాకు ఎట్లాగూ పడిందని, ఇక దానితో పని లేదని ఎంతో నచ్చజెప్పాను.

"వద్దండి. అట్లనే ఉండనీయండి" అంది ఆమె.

ఇంకోసారి చెప్పాను. తల అడ్డంగా ఊపింది. ఫారం జేబులో పెట్టుకుని బండెక్కాను. క్యాంపు దాటి కాలువ కట్ట ఎక్కుతుంటే నాకు విసుగు వచ్చింది. ఇంత మొండితనం ఈ క్యాంపోళ్లకే చెల్లింది అని మనసులో అనుకున్నాను.

అనుకుని, బండి ఆపాను. ఇంజను బందు చేసి ఆ కట్ట మీదనే చాలాసేపు నిలబడ్డాను. అదే మాట మా అవ్వ అని ఉంటే, ఆమె పౌరుషం గురించి నేను ఊరంతా చెప్పుకునేవాణ్ణి.